ఊరంతా ఒకే మాట



పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, మన ఊళ్ళలో ఒక మాట బయలుదేరుతుంది. "ఎందుకొచ్చిన గొడవ? నలుగురం కూర్చుని ఏకగ్రీవం చేసేసుకుందాం." ఈ మాట అనేవారందరూ దురాలోచనతో అంటారని నేననను. వారిలో చాలామంది ఎన్నికల చేదు తిన్నవారే. అన్నదమ్ములు చెరొక వర్గంలో నిలబడి, ఆ తరువాత పదేళ్ళపాటు ఒకరి గడప ఒకరు తొక్కకపోవడం మనం చూశాం. పండుగనాటి పూజలో ఒకే వరుసలో కూర్చోవలసిన వియ్యంకులు గుడికి చెరొక ద్వారం గుండా రావడం కూడా చూశాం. పోలింగు ముందు రాత్రి నోట్లు పంచడం, మందు పోయించడం, తెల్లవారాక తలలు పగలడం, కేసులు, వాయిదాలు. ఇవన్నీ అనుభవించినవారికి ఏకగ్రీవం అనే మాట ఎండలో చలివేంద్రంలా కనిపిస్తే వారిని తప్పుపట్టలేం.

ప్రభుత్వాలు కూడా ఆ మాటను మెచ్చుకుంటూనే ఉన్నాయి. గుజరాత్‌లో 2001లో 'సమరస' అనే పేరుతో, పోటీ లేకుండా పాలకవర్గాన్ని ఎన్నుకున్న గ్రామాలకు ప్రత్యేక నిధులిచ్చే పథకం మొదలైంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలప్పుడు, ఏకగ్రీవమైన పంచాయతీకి జనాభానుబట్టి 5 లక్షల నుండి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ప్రకటించారు. అంటే గొడవ తప్పుతుంది, ఊరికి డబ్బూ వస్తుంది. ఇక అడ్డేమిటి?

ఆ అడ్డేమిటో నాకు 2013లో ఒక స్త్రీ చూపించింది. అది చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది గనుక ముందే చెప్పుకోవడం మంచిది.

ఆ ఏడు జూలైలో పంచాయతీ ఎన్నికలు. మా ఊరి సర్పంచ్ పదవి స్త్రీలకు కేటాయించారు. ఊరి పెద్దలు చావడిలో కూర్చున్నారు. ఒక పెద్దాయన కోడలిని సర్పంచ్‌గా పెట్టాలని, వార్డులు వర్గానికి ఇన్నని పంచుకోవాలని అరగంటలో తేల్చేశారు. అయితే పాలెంలోని ఒకామె అప్పటికే నామినేషన్ వేసి ఉంది. కూలిపని చేసుకునే మనిషి, భర్త లేడు. ఆమెకు పదవిమీద మోజు లేదు. పాలెంవారి సమాధుల దొడ్డికి దారి లేదు. ఎవరైనా చనిపోతే పెట్టె భుజాన వేసుకుని చేలగట్లమీద నడవాలి. వానాకాలమైతే మోకాలి లోతు బురద. ఆమె భర్తను మోసుకెళ్ళిననాడు మోసేవారిలో ఇద్దరు జారి పడ్డారు. ఆ దారి సంగతి ఊరందరి ముందూ ఒకసారి అడగాలి, అంతే ఆమె కోరిక.

పెద్దలు ఆమెను పిలిపించారు. బెదిరించలేదు. ఎంతో మర్యాదగా మాట్లాడారు. "నీవల్ల ఊరికి వచ్చే సొమ్ము పోతుందమ్మా. నీ దారి సంగతి మేం చూస్తాంగా" అన్నారు. ఆమె తలవంచుకుని నిలబడింది. మా ఊళ్ళో అర్జీలు, దరఖాస్తులు రాసిపెట్టే పని చాలాకాలంగా నాది. ఉపసంహరణ కాగితం నన్నే రాయమన్నారు. రాశాను. చక్కని దస్తూరీతో రాసి, వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించాను. ఆ సాయంత్రం ఊళ్ళో మిఠాయిలు పంచారు. "ఊరంతా ఒకే మాటమీద నిలబడింది" అని అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను.

వారం తరువాత ఆమె వీధిలో కనబడి అంది: "ఊరంతా ఒకే మాట అన్నారు మాస్టారూ. నా మాట ఏదని ఒక్కరూ అడగలేదు."

వచ్చిన సొమ్ముతో ఊరి మొదట సిమెంటు కమాను కట్టారు. దానిమీద ఊరి పేరు, కట్టించినవారి పేర్లు చెక్కించారు.

ఈ సంఘటనను మీరు ఎలా చూస్తారు? బలవంతం లేదు, డబ్బు పంచలేదు, ఒక్క చుక్క సారా పారలేదు. చట్టప్రకారం ఏ దోషమూ లేదు. పోటీలో ఒక్కరే మిగిలితే అధికారి వారిని ఎన్నికైనట్లు ప్రకటిస్తాడు, ఓటు వేయవలసిన పనే రాదు. అయినా ఏదో తప్పు జరిగిందని నా మనస్సాక్షి చెబుతూనే ఉంది. ఆ తప్పు ఏమిటో పేరుపెట్టి చెప్పడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ వెతుకులాటలో ప్రజాస్వామ్యం గురించి పెద్దలు చెప్పిన రకరకాల సిద్ధాంతాల్లోకి తొంగిచూడవలసి వచ్చింది.

ప్రజాస్వామ్యమంటే ఏమిటని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు అంటారు: ప్రజలందరూ కలిసి తమ ఉమ్మడి మేలు ఏమిటో తెలుసుకుని, ఆ ప్రకారం నడవడం. మరొకరు అంటారు: అంత పెద్ద మాటలు వద్దు, పాలించాలనుకునేవారు ప్రజల ఓటుకోసం పోటీపడటం, ఓడినవారు దిగిపోవడం, అదే ప్రజాస్వామ్యం. మొదటి జవాబు వెనుక ఫ్రెంచి రచయిత రూసో ఉన్నాడు. రెండవదాని వెనుక ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థికవేత్త షుంపీటర్ ఉన్నాడు. ఏకగ్రీవాన్ని మెచ్చుకునే మన పెద్దలు, రూసో పేరు వినకపోయినా, ఆయన పక్షమే. ఊరికి ఒకే మేలు ఉంటుంది, దాన్ని అందరం కలిసి గుర్తించగలం, పోటీ అనేది ఆ మేలును చీల్చే గొడ్డలి అని వారి నమ్మకం.

రూసో 1762లో రాసిన 'సామాజిక ఒడంబడిక'లో నిజంగానే ఈ ధోరణి ఉంది. సభలో అభిప్రాయాలు ఏకాభిప్రాయానికి ఎంత దగ్గరగా వస్తే, అందరి ఉమ్మడి సంకల్పం అంత బలంగా ఉన్నట్లు అంటాడు. దీర్ఘమైన వాదోపవాదాలు, చీలికలు దేశం క్షీణిస్తున్నదనడానికి గుర్తులని కూడా అంటాడు. ఇంతవరకు మన చావడి పెద్దలకు సంతోషమే. కాని రూసో అక్కడే ఇంకొక మాట కూడా అంటాడు, దాన్ని చాలామంది చదవకుండా దాటేస్తారు. ఏకాభిప్రాయం వలయానికి రెండో కొసన కూడా మళ్ళీ ప్రత్యక్షమవుతుందట. ప్రజలు దాస్యంలో పడి స్వేచ్ఛనూ స్వంత సంకల్పాన్నీ పోగొట్టుకున్నప్పుడు, భయంతోనో ముఖస్తుతికోసమో అందరూ ఒకే గొంతుతో జై కొడతారట. అంటే ఆరోగ్యంగా ఉన్న ఊళ్ళోనూ అందరిదీ ఒకే మాట, చచ్చిన ఊళ్ళోనూ అందరిదీ ఒకే మాటే. బయటినుండి చూసేవాడికి రెండూ ఒకేలా కనబడతాయి.

ఇది చాలా భయపెట్టే మాట. మా ఊరి ఏకగ్రీవం ఈ రెండింటిలో ఏ రకం? మిఠాయిలు చూసి చెప్పలేం. కాదనగలిగిన మనిషికి కాదనే వీలు ఉండిందా అన్నది చూసే చెప్పాలి.

యూదుల తల్మూదులో ఒక విచిత్రమైన అభిప్రాయం ఉంది. మరణశిక్ష విధించే సభలో న్యాయాధిపతులందరూ, ఒక్కరైనా మిగలకుండా, ముద్దాయి దోషే అని తేలిస్తే అతణ్ణి విడిచిపెట్టాలని ఒక ఆచార్యుడు అంటాడు. మొదట వింటే తలకిందులు మాటలా ఉంటుంది. కాని ఆలోచించండి. అతని పక్షాన చెప్పగలిగిన ఒక్క మాట కోసం వెతికినవాడు ఆ సభలో ఒక్కడూ లేడంటే, అది విచారణ అవుతుందా? పూర్తి ఏకాభిప్రాయాన్ని మన పెద్దలు శుభశకునంగా చూస్తారు. ఆ ఆచార్యుడు దానిలో అపశకునం చూశాడు.

"మరి మన శ్రీసభలో ఐక్యతే గదా గొప్ప?" అని మీరు అడగవచ్చు. ఐక్యత గొప్పదే. అయితే శ్రీసభ తన అతి ముఖ్యమైన ఎన్నికను ఎలా జరుపుకుంటుందో ఒకసారి చూడండి. ఇది మన విచారణల్లో చాలామందికి తెలియని చరిత్ర గనుక కొంచెం విపులంగా చెబుతాను.

పునీత బెనెడిక్టువారు తన మఠనియమావళిలో మఠాధిపతి ఎన్నికకు రెండు మార్గాలు చెప్పారు. అందరూ ఏకమనస్కులై ఎన్నుకోవాలి. లేదా, సంఖ్యలో తక్కువైనా మంచి వివేకంగల భాగం ఎవరిని ఎన్నుకుంటే వారు. వినడానికి ఎంత బాగుంది! కాని ఆచరణలో ఏమవుతుంది? వివేకం తమవైపే ఉందని ఇరుపక్షాలూ అంటాయి. మఠంలోనైతే పైన పీఠాధిపతి ఉన్నాడు, ఆయన తీర్పు చెబుతాడు. పోపుగారి ఎన్నికలో తగవు వస్తే పైన ఎవరున్నారు? 1159లో సరిగ్గా ఇదే జరిగింది. కార్డినళ్ళలో ఎక్కువమంది మూడవ అలెగ్జాండరును ఎన్నుకున్నారు. కొద్దిమంది మరొకరిని నిలబెట్టి, వివేకవంతులం మేమే అన్నారు. చక్రవర్తి వారి పక్షం వహించాడు. దాదాపు ఇరవై ఏళ్ళు శ్రీసభ చీలి బాధపడింది. చివరకు 1179లో మూడవ లాతరన్ మహాసభలో అదే అలెగ్జాండరు పోపుగారు తేల్చిచెప్పారు: మూడింట రెండు వంతుల ఓట్లు ఎవరికి వస్తే వారే పోపు. ఏకగ్రీవం అక్కరలేదు. వివేకవంతులెవరన్న వాదన అక్కరలేదు. లెక్కపెట్టండి చాలు అన్నారు. ఒప్పుకోని ఆ మూడవ వంతు ఉంటుందని, ఉన్నా శ్రీసభ నిలుస్తుందని ఒప్పుకోవడంలో ఎంత వినయం ఉందో చూశారా?

అయితే ఓటు లేకుండా ఎన్నుకునే దారి ఒకటి అప్పటికీ మిగిలే ఉంది. సభలో ఎవరైనా ఒక పేరు పలికితే, పవిత్రాత్మ ప్రేరణ కలిగినట్లు అందరూ ఒక్కసారిగా ఆ పేరునే జయధ్వానంతో అంగీకరించడం. మన భాషలో చెప్పాలంటే ఏకగ్రీవం. 1621లో పదిహేనవ గ్రెగోరీ పోపుగారు రహస్యంగా చీటీ రాసే ఓటును స్థిరపరిచినప్పుడు కూడా ఈ దారిని మూయలేదు. దాన్ని మూసినది 1996లో రెండవ జాన్ పాల్ పోపుగారు. అంత పెద్ద సభ మనసును జయధ్వానం సరిగా తెలుపలేదని ఆయన భావించారు. కొద్దిమంది పెద్దలకు నిర్ణయాన్ని అప్పగించే మరొక పద్ధతిని కూడా అప్పుడే రద్దుచేశారు. ఆ పద్ధతిలో ఓటరు తన ఎంపికను తానుగా తెలపనక్కరలేదు గనుక అతని బాధ్యత పలుచబడుతుందన్నది ఆయన చూపిన కారణం. 2025 మే 8న పద్నాలుగవ లియో పోపుగారు ఎన్నికైనప్పుడు, 133 మంది కార్డినళ్ళు విడివిడిగా చీటీలు రాశారు. ఎవరు రాశారో పోల్చలేని విధంగా దస్తూరీ మార్చి రాయాలని నియమం. అక్కడ కూర్చున్నవారు ఒకరికొకరు సోదరులు, ఒకే విశ్వాసం కలవారు. అయినా ఒకరి చీటీ మరొకరికి తెలియకూడదు. సోదరప్రేమ ఉన్నచోట దాపరికం ఎందుకని ఎవరూ అనలేదు.

మా చావడిలో చేతులెత్తమన్నప్పుడు ఆ పాలెం స్త్రీకి ఎదురుగా కూర్చున్నవారెవరు? ఆమెకు కూలి ఇచ్చేవారు. చేబదులు ఇచ్చేవారు. ఆమె కొడుకు పని చేస్తున్న ట్రాక్టరు యజమాని. కార్డినళ్ళకే అవసరమైన చాటు ఆమెకు అక్కరలేదా?

ఇక్కడ ఒక ఎదురువాదాన్ని కూడా న్యాయంగా వినాలి. ఇంగ్లాండులో జాన్ స్టూవర్ట్ మిల్ అనే గొప్ప ఉదారవాది మొదట రహస్య ఓటును సమర్థించి, తరువాత మనసు మార్చుకున్నాడు. 1861లో రాసిన పుస్తకంలో ఆయన వాదం ఇది: ఓటు నీ సొంత ఆస్తి కాదు, నీ పొరుగువారందరి తరఫున నీకు అప్పగించిన బాధ్యత. బాధ్యతను చాటుగా నిర్వర్తిస్తే నీ స్వార్థం చూసుకుంటావు, నలుగురి ముందు నిర్వర్తిస్తే కారణం చెప్పుకోవలసి వస్తుంది. ఈ మాటలో నిజం ఉంది. ఓటుకు నోటు తీసుకున్నవాడు చాటునే గదా తీసుకుంటాడు. అయినా పదకొండేళ్ళకు, 1872లో, బ్రిటన్ రహస్య ఓటును చట్టం చేసింది. కౌలుదారు భూస్వామి ముందు నిలబడి ఓటు చెప్పవలసి వచ్చినంతకాలం అది భూస్వామి ఓటే అవుతుందని చాలామందికి అనుభవంలో తెలిసింది. మిల్ చెప్పిన నలుగురి ముందు బాధ్యత సమానుల మధ్య అందంగా ఉంటుంది. అసమానుల మధ్య దాని పేరే మారిపోతుంది.

దీన్ని డాక్టర్ అంబేద్కర్ అందరికంటె స్పష్టంగా చూశారు. గ్రామాలే రాజ్యాంగానికి పునాది కావాలని చాలామంది సభ్యులు కోరిన రోజుల్లో, 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో ఆయన గ్రామాన్ని గురించి ఎంత కఠినంగా మాట్లాడారో ఈనాటికీ చాలామందికి కోపం. గ్రామం సంకుచితత్వానికి, అజ్ఞానానికి నిలయమన్నారు. ఏడాది గడిచాక, 1949 నవంబరు 25న, రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక విలువ అని ఒప్పుకుంటూ సామాజిక, ఆర్థిక జీవితంలో ఆ విలువను నిరాకరిస్తూ ఎంతకాలం సాగుతామని ప్రశ్నించారు. గాంధీగారి గ్రామస్వరాజ్యం, జయప్రకాశ్ నారాయణ్ 1959లో ప్రతిపాదించిన పార్టీలు లేని ప్రజాస్వామ్యం, ఇవన్నీ పొరుగువారి మంచితనంమీద ఆధారపడ్డాయి. నాకు ఆ పెద్దలమీద ఎంతో గౌరవం. కాని ఊరు, పాలెం అని రెండు ముక్కలుగా ఉన్నచోట "మనమంతా ఒకటే గదా" అనే మాటను ఎప్పుడూ ఊరే అంటుంది. పాలెం అనగా నేను వినలేదు.

తమిళనాడులో మదురై జిల్లా పాపాపట్టి, కీరిపట్టి గ్రామాల సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. 1996లో ఆ పంచాయతీ అధ్యక్ష పదవులను దళితులకు కేటాయించారు. అంతే, ఊళ్ళో పైకులాలవారు 'ఏకమై' ఎన్నిక సవ్యంగా జరగకుండా చేశారు. ఎవరైనా గెలిచినా వెంటనే రాజీనామా చేయించారు. 2006 వరకు, పదేళ్ళు ఇలాగే గడిచింది. ఊరి ఐక్యత అక్కడ ఎంత గట్టిదో!

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని చిన్న ఊళ్ళలో ఏటా ప్రజలందరూ ఒక హాలులో కూడి తమ పన్నులు, రోడ్లు తామే నిర్ణయించుకుంటారు. పుస్తకాల్లో దీన్ని ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి మచ్చుతునకగా చెబుతారు. జేన్ మాన్స్‌బ్రిడ్జ్ అనే పండితురాలు అలాంటి ఒక ఊళ్ళో కూర్చుని, ఆ సభలు చూసి, ఇంటింటికీ వెళ్ళి మాట్లాడి 1980లో ఒక పుస్తకం రాసింది. నలుగురిలో లేచి మాట్లాడితే నవ్వులపాలవుతామని, ఇరుగుపొరుగుతో చెడుతుందని భయపడి చాలామంది నోరు మూసుకుంటారని ఆమెకు తెలిసింది. పేదవారు సభకు తక్కువగా వస్తారు, వచ్చినా తక్కువగా మాట్లాడతారు. ఆమె తేల్చినది నాకు చాలా ఉపయోగపడింది. అందరి అవసరాలూ నిజంగా ఒకటే అయినచోట, ముఖాముఖి కూర్చుని ఏకాభిప్రాయానికి రావడం చక్కని పద్ధతి. అవసరాలు ఎదురెదురుగా ఉన్నచోట అదే పద్ధతి బలహీనుణ్ణి మింగేస్తుంది. అక్కడ ఓటు, లెక్క, రహస్యం కావాలి. అంటే 'ఏ నమూనా మంచిది?' అని అడిగేముందు 'ఈ విషయంలో మా అందరి అవసరం ఒకటేనా?' అని అడగాలి.

తాగునీటి చెరువు తెగితే ఊరందరి అవసరం ఒకటే. పేటల మధ్య దారికోసం ఎవరి చేనులోంచి నేల తీయాలన్నప్పుడు ఒకటి కాదు.

పూర్తి ఏకాభిప్రాయాన్నే చట్టంగా పెట్టుకుంటే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది, అదీ కతోలిక దేశమైన పోలండులో. అక్కడి పార్లమెంటులో ఒక్క సభ్యుడు 'ఒప్పుకోను' అంటే చాలు, సమావేశమే రద్దయ్యేది. 1652లో ఒకడు మొదటిసారి ఆ పని చేశాడు. తరువాత అది అలవాటైంది. 1733 నుండి 1763 వరకు రాజ్యమేలిన మూడవ అగస్టస్ కాలంలో ఒక్క సమావేశం తప్ప ఏదీ చట్టాలు చేసి ముగియలేదు. పెద్ద ప్రభువులు, పొరుగు రాజులు ఒకడికి డబ్బిచ్చి కాదనిపిస్తే సరిపోయేది. 1791 మే 3 రాజ్యాంగంతో దాన్ని తీసేశారు గాని అప్పటికే ఆలస్యమైంది. నాలుగేళ్ళకు, 1795లో, పొరుగు రాజ్యాలు పోలండును పూర్తిగా పంచుకున్నాయి. కాబట్టి ఆ పాలెం స్త్రీ ఒక్కతె కాదంటే ఊరు ఆగిపోవాలని నేననడం లేదు. ఆమె కాదనవచ్చు, ఊరు ఆమెను ఓడించనూవచ్చు. ఓడించడానికి ముందు ఆమె పేరు చీటీమీద ఉండాలి.

ఇక్కడే షుంపీటర్ నాకు అక్కరకు వచ్చాడు. నిజం చెబితే మొదట ఆయన వాదం నాకు నచ్చలేదు. 1942లో రాసిన పుస్తకంలో ఆయన ప్రజల ఉమ్మడి సంకల్పం అనేదే లేదంటాడు. ప్రజాస్వామ్యం అంటే నాయకులు ఓట్లకోసం పోటీపడే ఏర్పాటు అంటాడు, సంతలో వ్యాపారులు బేరంకోసం పోటీపడినట్లు. సామాన్యుడికి రాజకీయాల్లో అంత తెలివి ఉండదనీ అంటాడు. మనిషిని దేవుడు తన పోలికలో చేశాడని నమ్మేవాళ్ళం, ఓటరును సంతలో బేరంగా చూడమంటే ఎలా ఒప్పుకుంటాం? ఇప్పటికీ ఒప్పుకోను. కాని పోటీ చేసే ఒక మేలు ఆయనవల్ల అర్థమైంది. పోటీ ఉన్నప్పుడు ఓడిపోయేవాడి ఓటు కూడా విలువైనదే. వచ్చేసారి అది ఎటు పడుతుందోనని గెలిచినవాడికి ఒక కన్ను అటే ఉంటుంది. ఏకగ్రీవంలో ఎవరి ఓటూ ఎవరికీ అక్కరలేదు.

'అయితే నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడం తప్పా?' కాదు. మాట్లాడుకోవాలి. బెనెడిక్టువారి నియమావళిలోనే, మఠంలో ముఖ్యమైన పని వచ్చినప్పుడు మఠాధిపతి అందరినీ పిలిచి ఆలోచన అడగాలని ఉంది. మంచి ఆలోచనను ప్రభువు తరచు చిన్నవారికే తెలియజేస్తాడు గనుక అందరినీ పిలవాలని కారణం కూడా చెప్పారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు తమ సభల్లో అసలు ఓటే వేయరు. మౌనంగా కూర్చుని, ఒకరి తరువాత ఒకరు మాట్లాడి, సభ మనసు ఎటు కుదురుతున్నదో చూస్తారు. అయితే ఒకరికి మనస్సాక్షి ఒప్పుకోలేదంటే, ఆ మాటను త్రోసిపుచ్చి ముందుకు పోవడానికి తొందరపడరు, మరొక సభకు వాయిదా వేస్తారు. ఏకాభిప్రాయం కావాలనుకునేవారు చెల్లించవలసిన వెల అది: అడ్డు చెప్పినవారికోసం ఆగడం. మా చావడిలో అరగంటలో తేలిపోయింది. నామినేషన్ ఉపసంహరణకు గడువు మధ్యాహ్నం మూడు గంటలు.

అందరికీ సంబంధించిన విషయం అందరి ఆమోదమూ పొందాలని శ్రీసభ చట్టంలో పాత సూత్రం ఒకటుంది. రోమా చట్టంనుండి వచ్చిన ఆ సూత్రాన్ని 1298లో ఎనిమిదవ బోనిఫేసు పోపుగారు తన చట్టసంపుటిలో చేర్చారు. ఆమోదం అన్న మాటలోనే అడగడం ఇమిడి ఉంది. అడగకుండా వచ్చిన ఆమోదం ఏమిటి? నేను రాసిన ఉపసంహరణ కాగితంలో 'నా ఇష్టపూర్వకముగా' అనే మాట ఉంది. ఆ మాట ఆమె చెప్పలేదు. అలాంటి కాగితాల్లో అలా రాయడం మామూలు గనుక నేనే రాశాను. ఇన్నేళ్ళు నేను వెతికిన తప్పు ఆ ఒక్క మాటలో ఉంది.

2021లో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఏకగ్రీవమంటూ మళ్ళీ చావడిలో కూర్చున్నారు. ఈసారి పెద్దల్లోనే ఇద్దరికి పడక, కుదరలేదు. ఆ పాలెం స్త్రీ మా ఇంటికి వచ్చి, "నామినేషన్ కాగితం నింపిపెట్టండి మాస్టారూ" అంది. పెద్దలకు కోపం వస్తుందని నాకు తెలుసు. ఇంట్లో మా ఆవిడ కూడా, "మీకెందుకండీ ఇవన్నీ" అంది. నింపాను. ప్రతి గడీ ఆమెను అడిగి నింపాను. పూర్తయ్యాక పైనుండి కిందివరకు చదివి వినిపించాను. ఒకచోట తండ్రి పేరు తప్పు పడిందని దిద్దించింది.

ఆమె ఓడిపోయింది. ఆమెకు వచ్చినవి 61 ఓట్లు. గెలిచినవారికీ రెండో స్థానంలో ఉన్నవారికీ తేడా 23. ఫలితం ప్రకటించిన మరునాడు గెలిచినవారు పాలేనికి వచ్చారు. ఓడినవారు సాయంత్రం వచ్చారు. సమాధుల దొడ్డికి దారి గురించి ఇద్దరూ ఆమెనే అడిగారు, ఎక్కడినుండి ఎక్కడిదాకా, ఎన్ని గజాలని. ఊరి పెద్దల్లో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. మా అబ్బాయి పెళ్ళికి ఒక ఇంటివారు రాలేదు. ఎన్నిక గొడవ తెస్తుందన్న మాట అబద్ధం కాదు.

మొన్న వానాకాలంలో పాలెంలో ఒక ముసలాయన చనిపోతే పెట్టె వెంట నేనూ నడిచాను. దారి సగం దూరం వేశారు. కంకర పరిచి రోలరు తిప్పారు. ఆ కంకర 61 ఓట్లవల్ల పడిందో, ఉపాధి హామీ పనుల్లో దానంతటదే వచ్చిందో నేను చెప్పలేను. మిగతా సగం ఒక రైతు చేనులోంచి పోవాలి. ఆయన ఇవ్వనంటున్నాడు, ఆయనకున్నది ఎకరమే. కంకర అయిపోయినచోట అందరం ఆగి, చెప్పులు విప్పి చేతబట్టుకుని గట్టు ఎక్కాం.